తెరకి రెండో వైపు

నేను ఒక తెరను. హాల్లో గోడకి అతుక్కుని ఉండే తెరను కాదు. ఆరుబయట రెండు సరుగుడు కర్రల మధ్య తాళ్ళతో బిగించి కట్టే గుడ్డ తెరను. పదహారు అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తు, చుట్టూ నల్ల అంచు, అంచు పొడుగునా ఇత్తడి రింగులు. ప్రస్తుతం సత్తెనపల్లిలో మస్తాన్ వలీ ఇంటి అటక మీద, రెండు పాత సైకిల్ టైర్ల కింద, నాలుగు మడతల్లో ఉంటున్నాను. ఎలుకలు ఇంకా రాలేదు. వస్తే వస్తాయి.

నా మీద మీలో చాలామంది సినిమాలు చూసే ఉంటారు. నేను మాత్రం ఒక్కటీ చూడలేదు. మనిషికి తన ముఖం తనకి కనపడదు కదా, నా మీద పడే బొమ్మ కూడా నాకు అంతే. నాకు కనిపించేది మీరు. మిమ్మల్ని చూసే కథ తెలుసుకుంటాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటే ఎవరో పోయారని, మగవాళ్ళు బీడీలకి లేచారంటే పాట వచ్చిందని.

నాకు బాధ ఉండదు. అది ముందే చెప్పేస్తే మనిద్దరికీ సుఖం. నా మీద ఊళ్ళు తగలబడ్డాయి, వరదలొచ్చాయి, తల్లులు పిల్లల్ని పోగొట్టుకున్నారు. లైటు ఆపగానే నేను మళ్ళీ తెల్లగుడ్డనే. ఒక్క చిల్లు లేదు, ఒక్క మరక లేదు. అది నా గొప్పతనం అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఏ మిల్లులో పుట్టానో తెలియదు. అంచు మీద ఉన్న నీలం ముద్ర మొదటి ఉతుకుకే పోయింది. విజయవాడలో ఒక టోకు కొట్లో నన్ను ఒక గుడ్డ తాను నుంచి నాలుగు పట్టీలుగా చింపారు. నాతో పాటు పుట్టిన మిగతా గుడ్డంతా ఆస్పత్రి దుప్పట్లకి వెళ్ళింది. నన్ను కుట్టిన దర్జీ, ఇంత లుంగీ కట్టుకునే మహానుభావుడెవరని అడిగాడు. ప్రభుత్వపు ప్రచార వ్యానుకి అని చెప్పారు. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ వ్యానులో పద్నాలుగేళ్ళు తిరిగాను. ఆపరేటరు చలపతిరావు ఊరూరా కుటుంబ నియంత్రణ సినిమాలు వేసేవాడు. ఆయనకి ఆరుగురు సంతానం. జనానికి ఆ సంగతి తెలుసు, ఆయనకీ తెలుసు, అయినా ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు. నియంత్రణ సినిమా అయిపోయాక ఒక పాత కథాచిత్రం వేసేవాడు. జనం వచ్చేది దానికోసమే.

ఊళ్ళో నన్ను పంచాయతీ ఆఫీసు ముందు కట్టేవాళ్ళు. నా ముందువైపు ఊరివాళ్ళు కూర్చునేవాళ్ళు. ఊరి చివర దళితవాడ ఉంటుంది కదా, గుంటూరు వైపు దాన్ని పల్లె అంటారు. ఆ పల్లెవాళ్ళు నా వెనకవైపు కూర్చునేవాళ్ళు. ఎవరూ బోర్డు పెట్టలేదు. మైకులో చెప్పలేదు. చలపతిరావు వ్యాను దిగేసరికే ఎవరి చోటు ఏదో అందరికీ తెలిసిపోయి ఉండేది. గుడ్డ తెరతో ఈ సౌకర్యం ఉంది. బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది. వెనకనుంచి కాస్త మసగ్గా ఉంటుంది, ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది, అంతే తేడా. అక్షరాలు కూడా తిరగబడతాయి గాని, ఎవరూ చదువు చెప్పించని వాళ్ళకి అక్షరం ఎటు తిరిగితే ఏం.

ఒకసారి సినిమాలో పెళ్ళి భోజనాలు వచ్చాయి. వెనకవైపు ఒక చిన్నపిల్ల, వాళ్ళంతా ఎడంచేత్తో తింటున్నారేమిటని అడిగింది. "ఆళ్ళు సినిమావోళ్ళే అమ్మాయ్, ఆళ్ళు అట్టానే తింటారు" అని ఒక ముసలాయన తేల్చాడు. అందరూ ఒప్పుకున్నారు. నాకు నోరుంటే చెప్పేదాన్నేమో. నోరున్న చలపతిరావు చెప్పలేదు, ఆయనకి వెనకవైపు వెళ్ళే పని పడలేదు.

వ్యాను మూలపడ్డాక పాత సామానుతో పాటు నన్ను మస్తాన్ వలీ కొనుక్కున్నాడు. మంచి మనిషి. కోపం ఎక్కువ, చెయ్యి శుభ్రం. నన్ను గంజిపెట్టి, నీలిమందులో ముంచి, ఎండలో ఆరేసి, నా అంచులకి కొత్త దారం వేసేవాడు. అతనితో ఒక వారం ఉరుసుకి, మరుసటి వారం క్రిస్మసుకి, చైత్రంలో రామనవమి పందిళ్ళకి, శివరాత్రికి తిరునాళ్ళకి వెళ్ళాను. దేవుళ్ళందరూ నా మీద పడ్డారు. ఏ దేవుడి రంగూ నాకు అంటుకోలేదు. భక్తులు మాత్రం ప్రతిచోటా, ఈ తెర వేరే మతం పండక్కి వెళ్ళలేదు కదా అని మస్తాన్ వలీని అడిగేవాళ్ళు. కొత్తదండీ, మొన్ననే కుట్టించా అని అతను అందరికీ ఒకే అబద్ధం చెప్పేవాడు.

అలా తిరుగుతున్న రోజుల్లో, వైశాఖ మాసంలో, ఉప్పలగుంట వెళ్ళాం. కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. ఊరి పక్కన గవ్వలదిబ్బ అని ఒక మట్టిదిబ్బ ఉంది. దాని కింద బౌద్ధుల స్తూపం ఉందని ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం తవ్వితే బయటపడింది. అంతకుముందు ఊరివాళ్ళు ఆ ఇటుకలు పీక్కెళ్ళి గొడ్లచావిళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళో గేదెలకి రెండువేల ఏళ్ళ నాటి గోడలున్నాయి.

దిబ్బ మీద బుద్ధ పూర్ణిమకి మూడు సాయంత్రాలు సినిమాల పండగ పెట్టింది పల్లెవాళ్ళే. ముందు నిలబడి చేయించినాయన జయరాజు మాస్టారు. నలభై ఏళ్ళ క్రితం ఆ ఊరి బడికి పంతులుగా వచ్చి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాడు. బౌద్ధం తీసుకుని ధమ్మపాల్ అని పేరు మార్చుకున్నాడు గాని ఆ పేరు ఆయన రాసే ఉత్తరాల కింద తప్ప ఎక్కడా వినపడదు. పల్లెలో చాలామంది ఆదివారం చర్చికి, పున్నమికి దిబ్బకి వెళ్తారు. రెండు చోట్లా తెల్లచీరే కాబట్టి ఇబ్బంది లేదు.

మస్తాన్ వలీ మాత్రం దిబ్బ ఎక్కినప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. ఆరుబయట సినిమాకి చీకటి కావాలి. సినిమాల పండగని సరిగ్గా పున్నమికి పెట్టుకునేవాళ్ళని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఆ సామి అమాస నాడు పుట్టుంటే ఎంత బాగుండేది మాస్టారూ" అన్నాడు కర్రలు పాతుతూ.

"పుట్టిందీ, జ్ఞానం వచ్చిందీ, పోయిందీ కూడా పున్నమి నాడేనయ్యా" అన్నాడు మాస్టారు.

"మూడుసార్లూనా" అని మస్తాన్ వలీ నన్ను చంద్రుడికి వీపు చేసి కట్టాడు.

ఐదు రంగుల జెండాలు కట్టారు. ఆకుదొప్పల్లో పాయసం పంచారు. విజయవాడ నుంచి ఒక భిక్షువు వచ్చి, మనుషులంతా సమానమని అరగంట చెప్పాడు. అది అయ్యేలోపు ముందువైపు ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోయాయి. అధికారులు, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు, పల్లె మగవాళ్ళు కొందరు. పల్లెలో పెద్దవయసు ఆడవాళ్ళు వచ్చి, ఒకళ్ళ వెనక ఒకళ్ళు నన్ను చుట్టి, నా వెనకవైపు చాపలు పరుచుకున్నారు.

మాస్టారు చూసి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇది మన పండగ. మనం ముందు కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారు. లేవండి."

ఆయన మాట కాదనలేక లేచారు. వెళ్ళి కుర్చీల చివర కాసేపు నిలబడ్డారు. ఆయన మైకు దగ్గరికి వెళ్ళగానే మళ్ళీ వచ్చేశారు.

"ఈడైతే గాలొస్తది. కాళ్ళు చాపుకోవచ్చు" అంది రాహేలు. ఆమెకి నలభై ఉంటాయి, ఆ గుంపులో చిన్నది ఆమే. ఎవరూ వాళ్ళని వెనక్కి పొమ్మనలేదు. పొమ్మనే అవసరం లేకుండా తయారుచేసి పెట్టి చాలా కాలమైంది.

మొదటి రోజు ఏదో మంచు దేశపు సినిమా వేశారు. ఒక సన్యాసి కొండల్లో నడుస్తాడట. మాట ఎవరికీ అర్థం కాదని మాస్టారు మైకులో తెలుగు చెబుతూ వచ్చాడు. "ఇప్పుడు ఆయన నడుస్తున్నారు" అన్నాడు. పది నిమిషాల తర్వాత "ఇంకా నడుస్తున్నారు" అన్నాడు. జనం ఓపిగ్గా చూశారు. ఆ సన్యాసి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి చేరితే బాగుండునని అందరి ముఖాల్లోనూ ఉంది.

వెనకవైపు రాహేలు సినిమా వదిలేసి, పక్కనున్న మార్తమ్మ వైపు తిరిగింది. మార్తమ్మకి అరవై దాటాయి. సన్నటి మనిషి. దిబ్బ ఊడ్చే ఆడవాళ్ళలో ఆమె ఒకతె.

"రేపటి సినిమాలో మీ ఆయన ఉంటాడంటగా అత్తా. మాస్టారు చెప్పాడు."

"ఉండొచ్చన్నాడు" అంది మార్తమ్మ.

విషయం ఏమిటంటే, దిబ్బ తవ్వేటప్పుడు నళిని అనే అమ్మాయి, అప్పుడు హైదరాబాదులో చదువుకుంటుండేది, కెమెరా పట్టుకొచ్చి ఆ తవ్వకాలని తీసింది. ఇన్నేళ్ళు డబ్బాలో పడి ఉన్న ఆ ఫిల్ముని కంప్యూటర్లోకి ఎక్కించి రెండో రోజు, పున్నమి నాడు వెయ్యబోతున్నారు. మార్తమ్మ మొగుడు ఏలియా ఆ తవ్వకంలో ఆరు నెలలు కూలికి పనిచేశాడు. ఆ మరుసటేడు ఎండాకాలం వడదెబ్బ తగిలి పోయాడు.

"ఎట్టా ఉండేవాడు?" అంది రాహేలు. ఆమె ఆ పల్లెకి కోడలిగా వచ్చేసరికే ఏలియా పోయాడు.

మార్తమ్మ "మొకం గుర్తు లేదే" అంది.

"అదేంది."

"ఫోటో ఒకటుండేది. పల్లె తగలబడ్డప్పుడు పెట్టెతో పాటు కాలిపోయింది. కొన్నాళ్ళు గుర్తుండేవాడు. తర్వాత సగం గుర్తుండేవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే తలగుడ్డ కనపడుద్ది, దాని కింద ఏం ఉండదు. పిల్లలుంటే ఆళ్ళ మొకంలోనన్నా కనపడేవాడు."

"మరి రేపు ఎట్టా గుర్తుపడతావు?"

"ఆయన పుర్రచెయ్యి. పలుగు ఎడంచేత్తోనే ఎత్తుతాడు. పక్కోడికి తగులుద్దని వరసలో చివరాకర్న నిలబెట్టేవోళ్ళు. ఆ కూలోళ్ళందరిలో పుర్రచెయ్యి ఆయనొక్కడిదే. చెయ్యి పట్టుకుని మొకం చూసుకోవాల."

మార్తమ్మే మళ్ళీ అంది. "పోయిన్నాడు ఏడుపు రాలా నాకు. జనం ఏమనుకుంటారోనని కొంగు కప్పుకుని కూచున్నా. మూడో రోజు మిరపకోతలకి పోయా. అప్పట్నించీ రాలా. మొకం కనపడితే వస్తదేమో."

ఆమె ఆ మాట ఎంత మామూలుగా అందంటే, కోతల గురించి చెప్పినట్టే ఉంది. నాకు ఆమె నచ్చింది. నాలాంటిదే అనుకున్నాను.

రెండో రోజు పున్నమి. కుర్చీలు చాలక జనం గట్ల మీద కూర్చున్నారు. మార్తమ్మ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందొచ్చి, నాకు మూడు బారల దూరంలో, వెనకవైపే కూర్చుంది. మాస్టారు ఆ రోజు అతిథుల హడావిడిలో ఉండి, ఎవరెక్కడ కూర్చున్నారో చూసుకోలేదు. నళిని గారు వచ్చారు. నెరిసిన జుట్టు, చేతికర్ర. అప్పుడు కూలివాళ్ళ పేర్లు రాసుకోలేదని, అది తన తప్పేనని మైకులో చెప్పారు. తర్వాత లైట్లు ఆపారు.

నాకు బొమ్మ కనపడదు కాబట్టి, మాస్టారు చెబుతున్నదే నాకు తెలిసింది. దిబ్బ వచ్చింది. ముళ్ళకంపలు కొట్టడం వచ్చింది. మట్టితట్టలు మోసే ఆడవాళ్ళు వచ్చారు. తర్వాత, పలుగులు పట్టిన మగవాళ్ళు వరసగా. ఆ ముక్క మొత్తం పదకొండు సెకన్లట. వరస చివర కెమెరా ఆగిందట.

ముందువైపు మాస్టారు వ్యాఖ్యానం మానేశాడు. మైకు నోటి దగ్గరే ఉంది. "ఏలియా" అన్నాడు. ఆ పేరు దిబ్బంతా వినపడింది.

"ఏలియా కాదు మాస్టారూ, ఆడు సామేలు" అన్నాడు గట్టు మీది నుంచి ఒక ముసలాయన. "సామేలు పొట్టోడు గదరా" అన్నాడు ఇంకో ఆయన. ఈలోపు బొమ్మ మారిపోయింది.

వెనకవైపు మార్తమ్మ మోకాళ్ళ మీద లేచి నిలబడింది. కళ్ళు ఆర్పలేదు. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. ఆ ముఖంలో ఏదో రాబోయింది. వచ్చేదే. ఆఖరి క్షణంలో ఆగిపోయి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ చాప మీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

సినిమా అయ్యాక మాస్టారు జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. మార్తమ్మ అప్పటికే చాప చుట్టుకుని ముందువైపు వచ్చేసింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"చూశావా మార్తమ్మా?"

"చూశానయ్యా. ఆయన కాదు."

"కాదా? నాకు అచ్చం ఏలియాలాగే కనపడ్డాడు."

"చివర నిలబడ్డాయన కుడిచెయ్యోడు. కుడిచేత్తో ఎత్తాడు పలుగు. ఆయన పుర్రచెయ్యి, మీకూ తెలుసు గదా."

మాస్టారు చెయ్యి సంగతి చూసుకోలేదు. ముఖం చూశాడు. అది కూడా ఇరవై తొమ్మిదేళ్ళనాటి ముఖం, తలగుడ్డ సగం కప్పేసింది. కట్టుకున్న భార్యే కాదన్నాక ఆయన తన కళ్ళనే అనుమానించాడు. "సామేలేమోలే" అన్నాడు. మార్తమ్మ తలూపి, పాయసం దొప్ప ఒకటి తీసుకుని దిబ్బ దిగి వెళ్ళింది. నడకలో తేడా ఏమీ లేదు.

నాకు బాధ ఉండదన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాని ఒక సంగతి చెప్పాలి. అక్కడున్న రెండు వందల మందిలో జరిగిందేమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వెనకనుంచి ఆమెకి కుడిచెయ్యి కనపడిందంటే ఆయన ఎడంచేత్తోనే ఎత్తాడు. ముందున్న వాళ్ళకి ఆ చెయ్యి అక్కర్లేదు. ఆ చెయ్యి కావలసిన మనిషిని వెనక కూర్చోబెట్టారు, ఆ చేతిని కుడిచెయ్యిగా మార్చి చూపించింది నేను. మస్తాన్ వలీ నన్ను విప్పలేదు, మూడో రోజు కూడా సినిమా ఉంది కదా. వెన్నెల్లో అలాగే నిలబడి ఉన్నాను. గాలి వస్తే కదిలాను. ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం మొదటిసారి నాకు ఇబ్బందిగా ఉంది.

మూడో రోజు పొద్దున ఆడవాళ్ళు దిబ్బ ఊడుస్తున్నారు. కర్ర దగ్గర నా రింగు ఒకటి ఊడిపోతే, మస్తాన్ వలీ స్టూలు వేసుకుని సూదితో కుడుతున్నాడు. మార్తమ్మ ఆకుదొప్పలు పోగుచేస్తూ అటు వచ్చింది.

"నిన్న మీ ఆయన కనపడ్డాడంటగా అమ్మా" అన్నాడు అతను.

"కనపళ్ళా. ఆడెవరో కుడిచెయ్యోడు."

మస్తాన్ వలీ సూది ఆగింది. "చివర తలగుడ్డ కట్టుకున్నాయన గురించేనా? ఆయన కుడిచెయ్యేంది. నేను నిన్న సరిచూసుకోడానికి నాలుగుసార్లు ఏశా. ఎడంచేత్తో పలుగు ఎత్తేవోణ్ణి నేను మర్చిపోతానా, మా నాయనదీ పుర్రచెయ్యే."

"నా కళ్ళతో చూశా."

"ఎటు కూచున్నావమ్మా నువ్వు?"

"ఎనకమాల."

అతను స్టూలు దిగాడు. దారం పంటితో కొరికి, సూదిని చొక్కా కాలరుకి గుచ్చుకున్నాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు ఉన్నాడు, ఎందుకో తెలియదు, తప్పు అతనిది కాదు.

"ఎనక నించి చూస్తే తిరగబడుద్దమ్మా. అద్దంలో పడ్డట్టు. ఎడమ కుడవుద్ది."

"ఎప్పుడూనా?" అంది పక్కనే చీపురు పట్టుకున్న రాహేలు.

"ఎప్పుడూ అంతే."

"అయితే మా ఊళ్ళో, చిన్నప్పుడు, సినిమాల్లో ఎడంచేత్తో అన్నం తినేవోళ్ళు..."

"కుడిచేత్తోనే తిన్నారు."

రాహేలుకి నవ్వొచ్చింది. నవ్వి, మార్తమ్మని చూసి ఆపేసింది. మార్తమ్మ దొప్పల కట్ట కింద పెట్టి నన్ను చూస్తోంది. అటు ఒకసారి నడిచి చూసింది. ఇటు ఒకసారి నడిచి చూసింది. పగటిపూట నేను రెండు వైపులా ఒకేలా ఉంటాను.

"ఇంకోసారి ఏస్తావా అయ్యా?"

"సాయంత్రం జనం రాకముందు ఏస్తా. ఎన్నిసార్లంటే అన్నిసార్లు."

ఆ సాయంత్రం కృష్ణ మీది నుంచి గాలి ఎక్కువగా ఉంది. నేను ఊరికే రెపరెపలాడుతుంటే, మస్తాన్ వలీ రెండు బిందెల నీళ్ళు తెచ్చి నా మీద చల్లాడు. తడిస్తే బరువెక్కి కుదురుగా ఉంటాను. పొద్దు కుంకి, చంద్రుడు ఇంకా రాలేదు. దిబ్బ మీద వాళ్ళు ముగ్గురే ఉన్నారు. అతను మార్తమ్మని ముందు వరసలో, నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె కుర్చీ అంచునే కూర్చుంది.

మస్తాన్ వలీ ఆ పదకొండు సెకన్లు వేశాడు. ఆగకుండా మళ్ళీ మొదటికి వచ్చేలా పెట్టాడు.

"పుర్రచెయ్యే" అంది మార్తమ్మ మొదటిసారికి.

రెండోసారి, మూడోసారి ముందుకి వంగి చూసింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. ఆమె ఏలియా ముఖం చూస్తోంది. ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టే చూస్తోంది. గుర్తుపట్టలేదు. చెయ్యి సాక్ష్యం చెబుతోంది కాబట్టి ఒప్పుకుంటోంది, అంతే.

"ఇట్టా ఉండేవాడా" అని రాహేలుని అడిగింది.

ఏడో ఎనిమిదో సారికి మార్తమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. నేను కిందికే కట్టి ఉన్నాను. ఆయన పలుగు దించి వంగినప్పుడు ముఖం ఆమె చేతికి అందేంత కిందికి వస్తుందట. ఆమె చెయ్యి చాపింది. చాపగానే ఆమె నీడ ఆయన మీద పడింది. ఆయన పోయాడు. ఆమె వెనక్కి జరిగింది, ఆయన వచ్చాడు. మళ్ళీ దగ్గరికి వచ్చింది, మళ్ళీ పోయాడు. ఇలా మూడుసార్లు అయింది. మెషిను దగ్గర మస్తాన్ వలీ తల వంచుకున్నాడు. దానికి అతని దగ్గర ఉపాయం లేదు.

మార్తమ్మ నల్ల అంచు పట్టుకుని, నన్ను చుట్టి, వెనకవైపు వెళ్ళింది.

అటువైపు నీడ పడదు. వెలుగు ముందు నుంచి వస్తుంది, అడ్డం ఎవరూ లేరు. ఆమె నాకు ఆనుకునేంత దగ్గరగా నిలబడినా ఆయన చెదరలేదు.

"అన్నా, ఆపమంటంది" అని రాహేలు కేకేసింది.

ఆయన వంగి ఉన్నప్పుడు మస్తాన్ వలీ బొమ్మ ఆపాడు.

మార్తమ్మ చెయ్యి ఎత్తి నా మీద పెట్టింది. ఎక్కడ పెట్టిందో నాకు కనపడలేదు గాని, ఎక్కడ పెట్టి ఉంటుందో తెలుసు. కాయలు కాసిన అరచెయ్యి. కాసేపు అలాగే ఉంచి, తీసి, తడిసిన అరచేతిని చూసుకుంది.

"సెమట పట్టిందే ఈయనకి" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఎండలో ఇంకా పన్లోనే ఉంచారు."

కొంగు తీసి తుడవడం మొదలుపెట్టింది. నుదురు తుడిచింది, చెంపలు తుడిచింది, మెడ దాకా తుడిచింది. తుడుస్తున్నప్పుడు మొదలైంది ఆమెకి. పెద్దగా ఏమీ కాదు. భుజాలు కదిలాయి. చిన్నపిల్లలకి వెక్కిళ్ళు వచ్చినట్టు వచ్చింది. రాహేలు దగ్గరికి వెళ్ళబోయి, ఆగిపోయి, అక్కడే నేల మీద కూర్చుంది.

ముందువైపు జనం రావడం మొదలైంది. కుర్చీలు లాక్కుంటున్నారు. వంగి ఉన్న ఒక మనిషి బొమ్మ కదలకుండా ఉండటం చూసి, మెషిను పాడైందా అని ఎవరో అడిగారు. మస్తాన్ వలీ బొమ్మ కదపలేదు. మాస్టారు వచ్చి, నా కింద ఆమె పాదాలు చూసి, మైకు తీసినవాడు మళ్ళీ కింద పెట్టేశాడు.

నేను గుడ్డని. గాలి వస్తే కదలడం తప్ప నాకు ఏదీ చేతకాదు. ఆ సాయంత్రం గాలి బాగా వచ్చింది. ఆమె చెయ్యి నా మీద ఉన్నంతసేపు కదలకుండా ఉండాలని చూశాను.